మా ఇంట్లో వాయించిన హంసనాదం మీది ఎలా అయింది?

మ్యూజిక్ కంపెనీల హక్కుల విభాగాలకు, వీడియో వేదికల నిర్వాహకులకు, కేంద్ర ప్రభుత్వ కాపీరైట్ కార్యాలయం వారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

నేను కాకినాడలో ఇంటి దగ్గర వయొలిన్ నేర్పే టీచర్ని. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నాను. ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇప్పుడు నా దగ్గర పద్నాలుగు మంది పిల్లలు, ముగ్గురు పెద్దవాళ్లు నేర్చుకుంటున్నారు. నేను వాయించి పెట్టిన ఒక త్యాగరాజ కృతి వీడియోలో తమ సంగీతం ఉందని ఒక మ్యూజిక్ కంపెనీ ఫిర్యాదు చేసింది, వీడియో వేదిక దాన్ని తీసేసింది. ఈ లేఖలో ఆ కంపెనీ పేరు గానీ, వేదిక పేరు గానీ రాయడం లేదు. ఒక్క కంపెనీతో తేలిపోయే తగవు అయితే ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. అడగాల్సిన చోటల్లా ముందే అడిగాను. కంపెనీకి మూడు మెయిళ్లు, ఒక రిజిస్టర్డ్ పోస్టు పంపాను. పోస్టు అందినట్టు సంతకంతో అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగి వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. వేదిక వారి ఫిర్యాదుల విభాగం నుంచి వచ్చిన రెండు జవాబులూ ఒకే ముక్క, అక్షరం తేడా లేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

పోయిన డిసెంబరులో, త్యాగరాజ ఆరాధన దగ్గరపడుతోందని, హంసనాదం రాగంలోని ‘బంటురీతి కొలువు’ కృతికి ఒక అరేంజ్‌మెంట్ చేసుకున్నాను. నాలుగు వయొలిన్లు కలిసి మోగినట్టు ఉండాలని నా కోరిక. కానీ ఇంట్లో వాయించే మనిషిని నేనొక్కదాన్నే. అందుకని ఒక్కో భాగం విడివిడిగా వాయించి, ఒకదాని మీద ఒకటి పేర్చాను. మొదటి పొరలో కృతి నడక. రెండో పొరలో అదే నడక కింది స్థాయి అయిన మంద్రంలో, కొన్నిచోట్ల షడ్జ పంచమాల (స, ప స్వరాల) మీద నిలిచిపోతూ. మూడో పొరలో కమాను పక్కన పెట్టి తీగలు వేలితో మీటుతూ తాళం దెబ్బలు. నాలుగోది చివర వచ్చే స్వరాలకి బదులు చెప్పే వయొలిన్. ఏ సంగతి (ఒకే పంక్తిని కొద్ది మార్పులతో పాడే తీరు) దగ్గర ఏ పొర ఆగాలో, ఎక్కడ నాలుగూ కలవాలో రాసుకున్న నొటేషన్ పదిహేడు పేజీలు వచ్చింది.

రికార్డింగుకి మా ఇంట్లో గది లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ఫ్యాను ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు తీసి, కిటికీకి దుప్పటి కట్టి, మంచం మీద పుస్తకాలు పేర్చి ఫోను పెట్టి వాయించాను. ఐదున్నరకి పక్కింటి బోరు మోటారు వేస్తారు, ఆలోపు ఎంత అయితే అంత. రెండో పొర వాయించేటప్పుడు చెవిలో మొదటి పొర వినపడాలి, శ్రుతి వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ఒక్క చరణానికే ఆరు రోజులు పట్టింది. మొత్తం పందొమ్మిది ఉదయాలు. తర్వాత మా అబ్బాయి ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్‌లో నాలుగు పొరలూ కలిపిపెట్టాడు. మొత్తం పదకొండు నిమిషాలు వచ్చింది. అందులో మొదటి మూడు నిమిషాలు రాగాలాపన, చివర రెండు నిమిషాలు కల్పనస్వరాలు. ఆ ఐదు నిమిషాలూ నా మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించినవి. అంతకుముందు ఎవరూ వాయించినవి కావు, మళ్లీ వాయించమంటే నేను కూడా అలాగే వాయించలేను.

వీడియో పెట్టిన గంట లోపే నోటీసు వచ్చింది. నా వీడియోలో ఒక కంపెనీకి చెందిన ‘మెలొడీ’ ఉందట. వాళ్లు చూపించింది ఒక గాత్ర కచేరీ ఆల్బమ్‌లో ఇదే కృతి. నాది గొంతు లేని వయొలిన్. వాళ్ల ఆల్బమ్ నేను అంతకుముందు విననే లేదు. పోలిక కుదిరిందని చెప్పిన భాగం ఒక నిమిషం పన్నెండు సెకన్లు, అది పల్లవి. కానీ దాని ఫలితం పదకొండు నిమిషాల మీదా పడింది. నేను ఏ ప్రకటనలూ పెట్టని వీడియో మొదట్లో, ఆలాపన మొదలవకముందే ఎవరిదో పెయింట్ కంపెనీ ప్రకటన రావడం మొదలైంది. ఆ డబ్బు ఆ కంపెనీకి వెళ్తుంది.

వీడియోల్లోని సంగీతాన్ని కంపెనీల రికార్డింగులతో పోల్చి చూసే యంత్రం ఒకటి వేదిక దగ్గర ఉంటుంది. వెనక శ్రుతికి పెట్టిన ఎలక్ట్రానిక్ తంబురా వల్ల ఆ యంత్రం పొరబడిందేమో అనుకున్నాను. చాలా ఆల్బమ్‌లలోనూ అలాంటి శబ్దమే ఉంటుంది కదా. ఆ వీడియోని ఎవరికీ కనపడకుండా పెట్టి, మా గురువుగారింటి నుంచి చెక్క తంబురా తెచ్చి, దాంతో మళ్లీ చేసి చూశాను. అదే నోటీసు. అప్పుడు అర్థమైంది, యంత్రం పట్టుకున్నది శబ్దాన్ని కాదు, త్యాగరాజస్వామి స్వరాన్ని.

అభ్యంతరం పెట్టాను. కారణం గడిలో, ఈ కృతి రాసి స్వరపరచిన త్యాగరాజు 1847లో కన్నుమూశారనీ, నాలుగు భాగాలూ నేనే వాయించాననీ, నొటేషన్ నా దగ్గర ఉందనీ రాశాను. జవాబివ్వడానికి కంపెనీకి 30 రోజుల గడువు. ఇరవై ఏడో రోజున జవాబు వచ్చింది: పరిశీలించాం, మా హక్కు నిజమే అని. పరిశీలించింది ఎవరో, ఏం విన్నారో లేదు. హక్కు ఉందని అన్నవాళ్లే, ఉందో లేదో తేల్చే తీర్పరులు కూడా. ఈలోగా త్యాగరాజ ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమి వచ్చింది, వెళ్లింది. ఆరాధన రోజున మా పిల్లలు ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఈ వీడియో చూడాలని అనుకున్నాం.

అప్పీలు చేస్తే హెచ్చరిక కనిపించింది: ఓడిపోతే వీడియో తీసేస్తాం, మీ ఖాతాకి స్ట్రైక్ పడుతుంది, మూడు పడితే ఖాతా మొత్తం పోతుంది. ఆ ఖాతాలో సరళీ వరుసల నుంచి వర్ణాల దాకా నేను పెట్టిన 212 పాఠాలు ఉన్నాయి. రెండు రోజులు నిద్ర పట్టలేదు. అయినా అప్పీలు చేశాను. వీడియో తీసేశారు. స్ట్రైక్ పడింది.

మిగిలిన దారి ఒకటే, ఫిర్యాదు తప్పని చెబుతూ ఇచ్చే కౌంటర్ నోటీసు. అందులో నా పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు రాయాలి, అవి అవతలి వాళ్లకి చేరతాయి. అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. ఆ ఫారం దగ్గర ఆగిపోయాను.

ఇప్పుడు చట్టం మాట. నేను లాయర్ని కాదు, కానీ ఈ నాలుగు నెలల్లో 1957 కాపీరైట్ చట్టాన్ని చాలాసార్లు చదివాను. సాహిత్యానికీ సంగీతానికీ హక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఈ లెక్క త్యాగరాజస్వామికి వేసినా 1907తో సరి. ఆయన కృతులు, దీక్షితులవారివి, శ్యామశాస్త్రిగారివి ఎవరైనా పాడుకోవచ్చు, వాయించుకోవచ్చు, రికార్డు చేసుకోవచ్చు. కంపెనీకి హక్కు ఉండేది తాను చేసిన సౌండ్ రికార్డింగ్ మీద, అదీ విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1960లో విడుదలైన రికార్డు కూడా 2021 జనవరి 1 నుంచి అందరిదీ అయిపోయింది. ఇక అరేంజ్‌మెంట్ గురించి చట్టం రెండో సెక్షన్‌లోనే ఉంది. ఒక సంగీత రచనకి చేసిన అరేంజ్‌మెంట్‌ని దాని ‘అనుసరణ’గా చెబుతుంది. మూలం మీద ఎవరి హక్కూ మిగలనప్పుడు, ఆ అనుసరణ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాయించినదాని మీద కళాకారులకు విడిగా హక్కులు కూడా 38వ సెక్షన్ ఇస్తోంది. అంటే చట్టప్రకారం ఆ పదకొండు నిమిషాల మీద హక్కు ఎవరికైనా ఉంటే, అది నాకే.

దీన్ని ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ యంత్రం చేసిన పొరపాటు మన సంగీతాన్ని మూలంలోనే తప్పుగా అర్థం చేసుకోవడం. మా దగ్గర పాఠాంతరం అనే మాట ఉంది. గురువు ఏ సంగతి ఎలా చెప్పారో, శిష్యుడు అలాగే వాయించాలి. త్యాగరాజస్వామి శిష్యులు వాలాజాపేటలో, ఉమయాళ్పురంలో, తిల్లైస్థానంలో ఆయన చెప్పినట్టు పట్టుకుని తమ శిష్యులకు ఇచ్చారు కాబట్టే ఈ కృతి మా కాకినాడ దాకా వచ్చింది. ఆ ఆల్బమ్‌లో పాడిన విద్వాంసుడూ, నేనూ ఒకే సంగతులు పాడామంటే, ఇద్దరికీ అవి ఒకే చెట్టు నుంచి వచ్చాయని. సంగతి తేడా లేకుండా వస్తే మా గురువుగారు ‘శభాష్’ అనేవారు. మీ యంత్రం దానికి నోటీసు ఇస్తోంది. పైగా వయొలిన్ కచేరీలో చేసే పనే గొంతుని నీడలా వెంబడించడం. గమకం (స్వరాన్ని ఊపే తీరు) దగ్గర గమకం, విరుపు దగ్గర విరుపు. గాత్రానికీ వయొలిన్‌కీ మెలొడీ కలిసిందని ఫిర్యాదు చేస్తే, మూడు తరాల వయొలిన్ విద్వాంసులందరూ దోషులే.

ఈ వాయిద్యం మనకి వచ్చిన తీరు కూడా గుర్తుచేయాలి. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల వయొలిన్ విని, నేర్చుకుని, దాన్ని మన శ్రుతికి తెచ్చుకున్నారు. ఆ ఇంటివారే అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని అచ్చు వేయించారు. అది తెలుగు లిపిలో ఉంది. ఇంట్లో దాచుకున్న కృతులని గమకాల గుర్తులతో సహా ఊరందరికీ ఇచ్చేశారు, ఎవరైనా తీసి వాయించుకోవాలని. నేను చదివిన విజయనగరం కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన గదులు ఉన్నాయి. అలా ఇస్తూ వచ్చినవాళ్ల వల్ల చేతికందిన దాన్ని, ఇప్పుడు ఒక జాబితాలో నమోదు చేసి నాదంటే, నేను ఊరుకోలేను.

ఇది నా ఒక్కదాని బాధ కూడా కాదు. 2018లో జేమ్స్ రోడ్స్ అనే బ్రిటిష్ పియానో కళాకారుడు తన ఇంట్లో బాఖ్ సంగీతం వాయించి పెడితే, అందులో 47 సెకన్లు ఒక పెద్ద రికార్డింగ్ కంపెనీవని వేదిక ఆపేసింది. బాఖ్ చనిపోయింది 1750లో. రోడ్స్ పేరున్న మనిషి. ఆయన బయటికి చెప్పగానే గొడవ పెద్దదై, కంపెనీ వెనక్కి తగ్గింది. కాకినాడ టీచరు చెబితే ఎవరు వింటారు?

ఈ పద్ధతి వల్ల మామూలు మనుషులకి ఏమవుతోందో చెబుతాను.

1. పరువు. వీడియో కింద వేరే కంపెనీ పేరు కనపడగానే మా విద్యార్థి ఒకడు అడిగాడు: “టీచర్ గారూ, మీ వీడియోకి వేరేవాళ్ల పేరు వస్తోందేంటండీ?” వాడు పదకొండేళ్లవాడు, తెలియక అడిగాడు. ఒకరి తల్లి మాత్రం ఇంకో తల్లితో “ఎక్కడో కాపీ కొట్టారేమో అనుకున్నామండీ” అందట. ఆ మాట నా చెవిన పడింది. ఇరవై రెండేళ్ల పాఠం మీద పడిన మచ్చ అది. వీడియో తీసేశాక అయితే, అక్కడ కాపీరైట్ ఫిర్యాదు వల్ల తొలగించాం అన్న మాట ఒక్కటే మిగిలింది. నేను దొంగని కానని ఎవరి ఇంటికి వెళ్లి చెప్పను?

2. పిల్లల అవకాశాలు. ఈ రోజుల్లో పోటీలకీ స్కాలర్‌షిప్పులకీ వీడియో లింకు పంపమంటున్నారు. పిల్ల వాయించిన కీర్తన గడువు రోజున మ్యూట్ అయిపోతే, లేదా లింకు తెరుచుకోకపోతే, న్యాయనిర్ణేతలు ఆగరు. మా విద్యార్థిని ఒకమ్మాయి విషయంలో అదే జరిగింది. పదో తరగతి చదువుతూ రోజూ రెండు గంటలు సాధన చేసి పంపింది. మళ్లీ రికార్డు చేసి పంపేలోపు గడువు దాటింది. ఆ అమ్మాయి నెల రోజులు వయొలిన్ పెట్టె తెరవలేదు.

3. మా దగ్గర నేర్చుకునే ముగ్గురు పెద్దవాళ్లలో ఒకాయన రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, చూపు బాగా తగ్గింది. నొటేషన్ చదవలేరు. నా పాఠాలు విని, ఆపి, మళ్లీ విని నేర్చుకుంటారు. నా ఖాతా పోతే ఆయన పాఠం అక్కడితో పోతుంది.

4. దూరంగా ఉన్నవాళ్లు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన తెలుగు పిల్లలు చాలామంది కీర్తన సంగతులు చూసి నేర్చుకోవడానికి ఇలాంటి ఇంటి వీడియోల మీదే ఆధారపడుతున్నారు. నాలుగు నెలల్లో న్యూజెర్సీ నుంచి ఒక తల్లి రెండుసార్లు రాసింది, ‘బంటురీతి’ పాఠం ఎక్కడికి పోయిందని.

5. భయం. నష్టాల్లో ఇదే పెద్దది. నాకు తెలిసిన ఆరుగురు టీచర్లకి ఇలాంటి నోటీసులే వచ్చాయి. ఐదుగురు అభ్యంతరం కూడా పెట్టలేదు. “ఎందుకండీ టెన్షన్, ఖాతా పోతుంది, వదిలేద్దాం” అన్నారు. అంటే త్యాగరాజస్వామి కృతి మీద తనకి లేని హక్కుని ఒక కంపెనీ చెప్పుకుంటే, అది కాగితం కూడా లేకుండా నిజమైపోతోంది. నిరాధారంగా కాపీరైట్ పేరు చెప్పి బెదిరిస్తే కోర్టుకి వెళ్లవచ్చని చట్టంలో 60వ సెక్షన్ ఉంది. నెలకి ఎనిమిది వందల ఫీజుతో పాఠం చెప్పుకునే మనిషి ఆ దావా ఎలా వేస్తుంది?

కంపెనీల హక్కులు ఉండకూడదని నేను అనడం లేదు. ఆ మాట కూడా స్పష్టంగా రాయాలి. ఒక విద్వాంసుడి కచేరీని కంపెనీ ఖర్చు పెట్టి రికార్డు చేస్తే, దాన్ని ఎత్తి తన ఖాతాలో పెట్టుకునేవాడిని ఆపాలి. అలాంటి దొంగతనాలు నేనూ చూశాను, బాధపడ్డాను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 2016లో వెళ్లిపోయారు. ఆయన తిల్లానాలకి హక్కు 2076 చివరి వరకు ఉంది. మా పిల్లలకి అవి నేర్పుతాను, రికార్డు చేసి పెట్టను. అన్నమయ్య కీర్తనల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. సాహిత్యం అయిదు వందల ఏళ్ల కిందటిదే అయినా, మనం ఈ రోజు పాడుతున్న వరసలు చాలావరకు ఈ మధ్య పెద్దలు కట్టినవి. 1979లో కన్నుమూసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కట్టిన వరసలకి 2039 చివరి దాకా, 2014లో వెళ్లిపోయిన నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టినవాటికి 2074 చివరి దాకా హక్కు నడుస్తుంది. ఈ తేడా తెలిసి పాటించే టీచర్లు ఉన్నారు. అదే తేడాని కోట్ల రూపాయల వ్యాపారం చేసే కంపెనీలు కూడా పాటించాలని అడగడం ఎక్కువ కాదు.

అందుకని నేను కోరేవి ఇవి.

1. మ్యూజిక్ కంపెనీల వారు తమ రికార్డింగులని పోలిక కోసం యంత్రానికి ఇచ్చేటప్పుడు, హక్కు కాలం దాటిన వాగ్గేయకారుల కృతులకి మెలొడీ పోలికని ఆపేయాలి. మీ రికార్డింగ్ శబ్దాన్ని యథాతథంగా ఎవరైనా వాడితే పట్టుకోండి. కృతి స్వరాన్ని, రాగచ్ఛాయని, తంబురా శ్రుతిని మీ సొత్తుగా నమోదు చేయకండి. ఇప్పటికే చేసినవి వెనక్కి తీసుకోండి.

2. అభ్యంతరం పెట్టినప్పుడు దాన్ని కర్ణాటక సంగీతం తెలిసిన మనిషి వినాలి. విన్న తర్వాత ఏ సెకను నుంచి ఏ సెకను దాకా, ఏ రికార్డింగ్ శబ్దం ఉందో రాతపూర్వకంగా చెప్పాలి. ‘పరిశీలించాం’ అన్న ఒక్క మాట జవాబు కాదు. హైదరాబాదులో, చెన్నైలో, విజయవాడలో సంగీతం చదివి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లకి ఈ పని ఇవ్వండి.

3. వేదికల వారు, కంపెనీ చేతిలోనే తీర్పు పెట్టే పద్ధతి మార్చాలి. మొదటి అభ్యంతరం తిరస్కరిస్తే, రెండో పరిశీలన ఆ కంపెనీతో సంబంధం లేనివాళ్లు చేయాలి. అది తేలేదాకా స్ట్రైక్ వేయకూడదు, వీడియో మీద ప్రకటనలు రాకూడదు. ఒక నిమిషం మీద వివాదం ఉంటే మిగిలిన పది నిమిషాలని ముట్టుకోకూడదు.

4. భారతదేశంలో ఉండే మనిషి కౌంటర్ నోటీసు ఇస్తే, మన దేశంలోని కోర్టు పరిధి చాలు అనే ఏర్పాటు కావాలి. ఇంటి చిరునామా అవతలివాళ్ల చేతికి వెళ్లకూడదు. ఇంట్లో ఒంటరిగా పాఠాలు చెప్పుకునే ఆడవాళ్లకి ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. మన చట్టం 52వ సెక్షన్‌లో, ఫిర్యాదు మీద ఆపిన తర్వాత 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవవచ్చనే లెక్క ఉంది. ఇంటి కళాకారుల వీడియోల విషయంలో ఆ స్ఫూర్తినైనా పాటించండి. నిరూపించే బరువు ఫిర్యాదు చేసినవాళ్ల మీద ఉండాలి.

5. కాపీరైట్ కార్యాలయం వారికి ప్రత్యేకంగా ఒక విన్నపం. హక్కు కాలం ముగిసిన వాగ్గేయకారుల జాబితాని అధికారికంగా ప్రకటించండి. త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య, రామదాసు, పురందరదాసు, ఇంకా ఎవరెవరో, ఏ తేదీ నుంచి స్వేచ్ఛ ఉందో, తెలుగుతో సహా అన్ని భాషల్లో. సాహిత్యం పాతదై వరస కొత్తదైన చోట ఆ మాట కూడా రాయండి. ఆ పేజీ ఉంటే, నా లాంటి టీచరు అభ్యంతరం గడిలో ప్రభుత్వం మాటే పెట్టగలదు.

6. తప్పుడు ఫిర్యాదులు పదే పదే చేసే కంపెనీకి కూడా మూడు స్ట్రైకుల నియమం వర్తించాలి. మూడు తప్పులకి నా 212 పాఠాలు పోతే, మూడు వందల తప్పులకి వాళ్లకి ఏమీ పోకపోవడం న్యాయం కాదు.

ఇంకో సంగతి. 2021 ఐటీ నియమాల ప్రకారం వేదికల ఫిర్యాదు అధికారి 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నిర్ణీత గడువులోగా తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే ప్రభుత్వ అప్పీలు కమిటీకి 30 రోజుల్లో వెళ్లవచ్చు. నేను ఈ లేఖతో పాటు ఆ అప్పీలు కూడా వేస్తున్నాను. ఇలాంటి నోటీసులు వచ్చిన తోటి టీచర్లు దయచేసి వదిలేయకండి. విడివిడి పొరల ఫైళ్లు, చేతిరాత నొటేషన్, కమాను చేయి కనపడే వీడియో, అన్నీ తేదీలతో దాచుకోండి. నాకు ఇప్పుడు ఉపయోగపడుతున్నవి అవే.

కంపెనీ వారికి చివరిగా ఒక విషయం రాస్తాను. ఆ పందొమ్మిది ఉదయాల నాలుగు పొరలూ, పదిహేడు పేజీల నొటేషనూ మీ కార్యాలయానికి మళ్లీ పంపుతున్నాను. మీలో సంగీతం తెలిసిన ఒక్కరు పదకొండు నిమిషాలు కూర్చుని వినండి. అందులో మీ రికార్డింగ్ శబ్దం ఒక్క సెకను కనపడితే నాకు రాయండి, బహిరంగంగానే క్షమాపణ చెబుతాను. కనపడకపోతే ఫిర్యాదు వెనక్కి తీసుకుని, స్ట్రైక్ తీయించి, వీడియోని తిరిగి పెట్టించండి. వచ్చే పుష్య బహుళ పంచమికి మా పిల్లలు నలుగురు, నేను రాసిన ఆ నాలుగు భాగాలనీ ఒక్కొక్కరూ ఒకటి తీసుకుని కలిసి వాయించబోతున్నారు. దాన్ని కూడా రికార్డు చేసి పెడతాను. అప్పుడు మళ్లీ నోటీసు రాకూడదు.

ఇట్లు,
ఒక వయొలిన్ టీచర్,
కాకినాడ